‘లేదు’ అని చెప్పే రక్తపరీక్ష

ఎనిమిదో నెల గర్భిణికి బీపీ 144/92 వచ్చిందనుకుందాం. మూత్రంలో ఆల్బుమిన్ ఉందీ లేదన్నట్టుగా ఉంది. కాళ్లకు కాస్త నీరు పట్టింది, అప్పుడప్పుడు తలనొప్పి వస్తోంది. ఇవే అంకెలతో, ఇవే బాధలతో ఆస్పత్రికి వచ్చేవాళ్లలో చాలామందికి ఏమీ కాదు, నెలలు నిండాక మామూలుగా కాన్పవుతుంది. కొందరికి మాత్రం వారం తిరక్కుండానే బీపీ 160/110 దాటిపోతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కాలేయం దెబ్బతింటుంది, మన పెద్దవాళ్లు గుర్రపు వాతమని పిలిచిన ఫిట్స్ వస్తాయి. ఈ రెండు రకాల వాళ్లను మొదటి రోజే విడదీసి చెప్పే శక్తి బీపీ మిషనుకు లేదు. మూత్ర పరీక్షకూ లేదు. అందుకే డాక్టరు ముందు రెండు దారులే మిగులుతాయి: అనుమానమున్న అందరినీ ఆస్పత్రిలో ఉంచేయడం, లేదా వారం తర్వాత రమ్మని పంపేసి గుండె చిక్కబట్టుకోవడం. గత ఇరవయ్యేళ్లలో వచ్చిన ఒక రక్తపరీక్ష ఈ చిక్కుముడిని కొంత విప్పింది. అయితే దాన్ని మన దగ్గర అమ్ముతున్న తీరుకూ, అది నిజంగా చేయగల పనికీ చాలా తేడా ఉంది. నా వాదన ఆ తేడా గురించే.

ముందు జబ్బు సంగతి. ఇరవై వారాల గర్భం దాటాక బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువకు చేరి, దానితోపాటు మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, మూత్రపిండాలు, కాలేయం, మెదడు లాంటి అవయవాల మీద ప్రభావం కనిపిస్తున్నా దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ఫిట్స్ కూడా వస్తే అది ఎక్లాంప్సియా. ప్రపంచంలో నూటికి రెండు నుంచి ఎనిమిది గర్భాల్లో ప్రీఎక్లాంప్సియా కనిపిస్తుందని అంచనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించిన విశ్లేషణ ప్రకారం మాతృ మరణాలకు నేరుగా దారితీసే ప్రసూతి సమస్యల్లో రక్తస్రావం మొదటిదైతే (మొత్తం మరణాల్లో 27 శాతం), బీపీ సంబంధిత జబ్బులది ఆ తర్వాతి స్థానం (16 శాతం). ఇంత పెద్ద జబ్బును పట్టుకోవడానికి వాడుతున్న సాధనాలు మాత్రం చాలా పాతవి. గర్భిణుల మూత్రంలో ఆల్బుమిన్‌కూ ఫిట్స్‌కూ సంబంధం ఉందని లండన్ వైద్యుడు జాన్ లీవర్ 1843లో గమనించాడు. ఇటలీకి చెందిన రివా-రోచ్చి చేతికి పట్టీ కట్టి బీపీ కొలిచే పరికరాన్ని 1896లో తెచ్చాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఈ జబ్బు నిర్ధారణ ఆ రెండింటి మీదే నడిచింది. ఆ రెండూ కొలిచేది జబ్బు మిగిల్చే నష్టాన్నే, జబ్బును కాదు. నష్టం పైకి కనబడేదాకా అవి మాట్లాడవు.

అసలు జబ్బు పుట్టేది మాయలో. గర్భం నిలిచిన తొలి నెలల్లో మాయ కణాలు గర్భాశయ గోడలోకి చొచ్చుకుపోయి, అక్కడి సన్నని మెలికల రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. బిడ్డ పెరిగేకొద్దీ కావాల్సిన రక్తమంతా వాటిలోంచే రావాలి. ఈ పని సగంలో ఆగితే మాయకు రక్తం చాలదు. ఒత్తిడికి లోనైన మాయ తల్లి రక్తంలోకి ఒక ప్రొటీన్‌ను విపరీతంగా వదులుతుంది. దాని పేరు ఎస్‌ఫ్లిట్-1. రక్తనాళాల లోపలి పొరను ఆరోగ్యంగా ఉంచే రెండు ప్రొటీన్లు తల్లి రక్తంలో తిరుగుతుంటాయి. ఒకటి వీఈజీఎఫ్, రెండోది మాయ తయారుచేసే పీఎల్‌జీఎఫ్. ఊరి అంగడికి రావాల్సిన సరుకును పొలిమేరలోనే ఎవడో మొత్తం కొనేసినట్టు, ఎస్‌ఫ్లిట్-1 ఈ రెండింటినీ రక్తంలోనే పట్టేసుకుంటుంది, నాళాల గోడలకు అందనివ్వదు. పోషణ అందని గోడలు బిగుసుకుంటాయి, అందుకే బీపీ. మూత్రపిండాల జల్లెడ దెబ్బతింటుంది, అందుకే ఆల్బుమిన్. ఒకే మూలం నుంచి తల, కాలేయం, కళ్లు అన్నీ దెబ్బతినడం వెనక రహస్యం ఇదే. కాబట్టి రక్తంలో ఎస్‌ఫ్లిట్-1 ఎంత పెరిగింది, పీఎల్‌జీఎఫ్ ఎంత తగ్గింది అని కొలిస్తే, లేదా మొదటిదాన్ని రెండోదానితో భాగించి నిష్పత్తి కడితే, మాయ పరిస్థితి నేరుగా తెలుస్తుంది.

ఇది కేవలం ఊహ కాదని చెప్పడానికి మూడు వేర్వేరు దిక్కుల నుంచి ఆధారాలున్నాయి. భారత సంతతి మూత్రపిండాల వైద్యుడు అనంత్ కరుమంచి బోస్టన్‌లో నడిపిన బృందం 2003లో ఎలుకల్లో ఎస్‌ఫ్లిట్-1ను పెంచి చూసింది. వాటికి బీపీ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ పోయింది, మూత్రపిండాల్లో సరిగ్గా ప్రీఎక్లాంప్సియాలో కనిపించే మార్పే కనిపించింది. గర్భం లేని ఎలుకల్లోనూ బీపీ పెరగడం ఇక్కడ ముఖ్యం. మాయ లేకపోయినా, మాయ వదిలే ఆ ఒక్క ప్రొటీన్ చాలు. రెండో ఆధారం క్యాన్సర్ వార్డుది: వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ మందు తీసుకునే రోగుల్లో, ఆడా మగా తేడా లేకుండా, బీపీ పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం తెలిసిన దుష్ప్రభావాలే. మూడోది జన్యువులది. ఎస్‌ఫ్లిట్-1ను తయారుచేసే జన్యువు 13వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. బిడ్డలో ఆ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉన్న గర్భాల్లో తల్లికి ప్రీఎక్లాంప్సియా వచ్చే అవకాశం ఎక్కువ. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు చోట్ల అదే కథ వినిపిస్తే నమ్మక తప్పదు. 2004లో అమెరికా పరిశోధకులు, పాత అధ్యయనంలో దాచి ఉంచిన రక్త నమూనాలను పరీక్షించి, జబ్బు బయటపడటానికి దాదాపు ఐదు వారాల ముందే ఎస్‌ఫ్లిట్-1 పెరగడం మొదలవుతుందని తేల్చారు.

ఐదు వారాల ముందే తెలుస్తుందన్న మాట వినగానే జోస్యం మీద ఆశ పుడుతుంది. వ్యాపారం పుట్టేది కూడా అక్కడే. అయితే లెక్కలు చూస్తే ఈ పరీక్ష జోస్యం చెప్పడంలో అంత గట్టిది కాదు, భయం లేదని చెప్పడంలోనే గట్టిది. 14 దేశాల్లో, జబ్బు అనుమానమున్న గర్భిణుల మీద జరిగిన ప్రోగ్నోసిస్ అధ్యయనం 2016లో వెలువడింది. అందులో నిష్పత్తి 38 లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్లలో 99.3 శాతం మందికి ఆ తర్వాతి వారంలో ప్రీఎక్లాంప్సియా రాలేదు. మరి 38 దాటినవాళ్లలో నాలుగు వారాల్లోపు జబ్బు వచ్చింది ఎంతమందికి? 36.7 శాతం మందికే. అంటే ‘ఎక్కువ ఉంది’ అన్న రిపోర్టు అందుకున్న ముగ్గురిలో దాదాపు ఇద్దరికి ఆ నెలలో జబ్బు రాలేదు. ఒకే పరీక్ష, ఒకే హద్దు. ‘లేదు’ అంటే దాదాపు పూర్తిగా నమ్మొచ్చు. ‘ఉంది’ అంటే మాత్రం జాగ్రత్త పడమని అర్థం, అంతకుమించి కాదు. ఇప్పటికే ఎక్కువ బీపీతో ఆస్పత్రిలో చేరి, 35 వారాలు నిండనివాళ్ల సంగతి కొంచెం వేరు. అమెరికాలో 18 ఆస్పత్రుల్లో జరిగిన అధ్యయనంలో నిష్పత్తి 40 దాటినవాళ్లలో 65 శాతం మందికి రెండు వారాల్లో జబ్బు ముదిరింది, 40 లోపు ఉన్నవాళ్లలో 5 శాతం మందికి కూడా ముదరలేదు. ఆ ఫలితాల మీదే అక్కడి ఎఫ్‌డీఏ 2023 మేలో ఈ పరీక్షకు అనుమతి ఇచ్చింది. అక్కడ కూడా చూడండి, బలం కాదనడంలోనే ఎక్కువ.

ఈ ‘లేదు’ విలువ తెలుగు రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. బీపీ కొంచెం పెరిగిందనగానే ‘రిస్క్ ఎందుకమ్మా, తీసేద్దాం’ అనే మాట మన ఆస్పత్రుల్లో కొత్తది కాదు. కుటుంబం కూడా ఆ మాటకు వెంటనే తలూపుతుంది. నిష్పత్తి 38 లోపే ఉందని కాగితం మీద కనబడితే ఆ తొందరను వారం పాటు ఆపే బలం డాక్టరుకూ దొరుకుతుంది, కుటుంబానికీ దొరుకుతుంది. నెలలు నిండని బిడ్డ గర్భంలో అదనంగా గడిపే ప్రతి వారం ఊపిరితిత్తులకు మేలే. కానీ ఇదే పరీక్షను తలకిందులుగా వాడితే ఎంత ప్రమాదమో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఏ బాధా లేని గర్భిణికి ప్యాకేజీలో భాగంగా ఈ పరీక్ష చేసి, నిష్పత్తి 45 వచ్చిందని చూపిస్తే, మూడింట రెండొంతులు తప్పే అవకాశమున్న ఆ హెచ్చరిక ఆపరేషన్ థియేటర్‌కు దారి తీయడానికి ఎంతసేపు? నిజానికి ఏ అనుమానమూ లేనివాళ్లలో తప్పు హెచ్చరికల వంతు అంతకంటే పెరుగుతుంది. బ్రిటన్‌లో వైద్య పరీక్షల మంచి చెడ్డలు తేల్చే నైస్ సంస్థ 2022లో ఈ పరీక్షలను సిఫార్సు చేస్తూనే రెండు కంచెలు వేసింది. 20 వారాల నుంచి 36 వారాల 6 రోజుల దాకా, జబ్బు అనుమానం ఉన్నవాళ్లకే చేయాలి. జబ్బు తేలినవాళ్లకు ముందస్తు కాన్పు చేయాలా వద్దా అన్నది ఈ అంకె చూసి తేల్చకూడదు. రెండో కంచె మన దగ్గర ప్రతి ప్రసూతి వార్డు గోడ మీద పెద్దక్షరాలతో రాయదగ్గది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. కాగితం మీద శాతాలు బాగున్నాయి సరే, ఈ పరీక్ష చేసినందువల్ల తల్లులకు మేలు జరిగిందని చూపించారా? ఈ ప్రశ్నకు జవాబు అంత నున్నగా లేదు. బ్రిటన్‌లో 11 ఆస్పత్రుల్లో, వెయ్యికి పైగా గర్భిణుల మీద జరిగిన ప్యారట్ ట్రయల్ 2019లో వచ్చింది. పీఎల్‌జీఎఫ్ ఫలితాన్ని డాక్టర్లకు చెప్పిన కాలంలో జబ్బు తేలడానికి సగటున 1.9 రోజులు పట్టింది, ఫలితం దాచిన కాలంలో 4.1 రోజులు. తల్లుల్లో తీవ్రమైన సమస్యలు 5.4 శాతం నుంచి 3.8 శాతానికి తగ్గాయి. కానీ పుట్టిన బిడ్డల ఆరోగ్యంలో తేడా కనిపించలేదు. ఐర్లండులో ఏడు ఆస్పత్రుల్లో ఇలాంటిదే చేస్తే తల్లులకూ, బిడ్డలకూ లెక్కకు అందే తేడా ఏదీ రాలేదు. ఈ ఫలితాన్ని పక్కకు నెట్టడం నిజాయితీ కాదు. నా దృష్టిలో దాని అర్థం ఇది: రోజూ బీపీ చూసే, అనుమానం రాగానే పిలిపించుకునే వ్యవస్థ ఇప్పటికే ఉన్న చోట కొత్త పరీక్ష చేర్చే మేలు చిన్నది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 370 మందితో చేసిన ఇన్‌స్పైర్ ట్రయల్ ఆ చిన్న మేలు ఏ రూపంలో ఉంటుందో చూపించింది. ఫలితం తెలిసిన గుంపులో మొత్తం అడ్మిషన్లు తగ్గలేదు, పెరగలేదు. వారంలో జబ్బు రాబోతున్నవాళ్లు మాత్రం ఒక్కరూ తప్పిపోకుండా ఆస్పత్రిలో చేరారు. తెలియని గుంపులో అలా చేరింది 83 శాతమే. అంటే మంచాల సంఖ్య అంతే, వాటి మీద ఉండాల్సినవాళ్లు ఉన్నారు. మంచానికి ఇద్దరు పడుకునే బోధనాస్పత్రిలో ఇది చిన్న విషయం కాదు. అలాగని పరీక్షను పదే పదే చేస్తే ఇంకా మేలనుకోవడం కూడా తప్పు. 2024లో వచ్చిన ప్యారట్-2 ట్రయల్‌లో పీఎల్‌జీఎఫ్‌ను మళ్లీ మళ్లీ చేసి డాక్టర్లకు చెప్పడం వల్ల బిడ్డలకు అదనపు లాభమేమీ కనిపించలేదు.

ఇంకొక అభ్యంతరం సామాన్యుల నుంచి వస్తుంది. ఈ జబ్బుకు మందు లేదు, మాయ బయటికొస్తేనే నయమవడం మొదలవుతుంది, అలాంటప్పుడు ముందుగా తెలుసుకుని బాధపడటం తప్ప ఒరిగేదేమిటి? ఒరిగేది చాలా ఉంది. నయం చేసే మందు లేకపోవడం వేరు, చేయడానికి పనే లేకపోవడం వేరు. బీపీని అదుపులో ఉంచే మాత్రలు ఉన్నాయి. నెలలు నిండకముందే కాన్పు తప్పేలా లేకపోతే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఉన్నాయి, అవి పనిచేయడానికి కొంత వ్యవధి కావాలి. 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణుల మీద జరిగిన మ్యాగ్‌పై ట్రయల్, మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తే ఫిట్స్ సగానికి సగం తగ్గుతాయని 2002లోనే నిరూపించింది. అన్నింటికంటే ముఖ్యమైనది చోటు. నెలలు నిండని బిడ్డను చూసుకునే ఎస్‌ఎన్‌సీయూ ఉన్న ఆస్పత్రికి తల్లి నడుచుకుంటూ వెళ్లడానికీ, ఫిట్స్ వచ్చాక అర్ధరాత్రి 108లో వెళ్లడానికీ మధ్య తేడా ఏమిటో ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేసే ఏ ఏఎన్‌ఎంను అడిగినా చెబుతుంది. ముందుగా తెలియడం వల్ల దొరికేది ఆ ఒకటి రెండు రోజులే. అవే చాలాసార్లు సరిపోతాయి.

ఇదంతా ఐదు నెలలు దాటాక చేసే పరీక్ష గురించి. పీఎల్‌జీఎఫ్‌కు మరో ఉపయోగం మూడో నెలలో ఉంది. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేయడం వల్లే చాలా గందరగోళం పుడుతోంది. 11-14 వారాల మధ్య తల్లి వివరాలు, బీపీ, గర్భాశయ రక్తనాళాల డాప్లర్ స్కానింగ్, రక్తంలో పీఎల్‌జీఎఫ్ కలిపి లెక్కగట్టి, ముప్పు ఎక్కువున్నవాళ్లకు రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చి చూసింది ఆస్ప్రే ట్రయల్. 37 వారాలలోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి పడిపోయింది. 2017లో వచ్చిన ఈ ఫలితం ఈ రంగంలో అరుదైన విజయం. ఇక్కడ రక్తపరీక్ష ఒంటరిగా ఏమీ చేయలేదు, నాలుగింటిలో ఒకటి. తప్పు హెచ్చరిక వచ్చినా జరిగేది ఆపరేషన్ కాదు, డాక్టరు చూసి ఇచ్చే ఒక చిన్న మాత్ర. అందుకే ఈ దశలో కొంత ఎక్కువమందిని అనుమానించినా నష్టం తక్కువ. పైగా రక్తపరీక్ష దొరకని చోట కూడా ఆస్పిరిన్ నిర్ణయం ఆగనక్కర్లేదు. గత కాన్పులో ఈ జబ్బు వచ్చినా, ముందునుంచే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నా, కవలలున్నా, ఆ ఒక్క సమాచారంతోనే డాక్టరు మొదలుపెట్టవచ్చు. ఇలా అడిగి తెలుసుకునే పద్ధతిలో కొంతమంది తప్పిపోతారన్నది నిజమే, కానీ అడగడానికి ఖర్చేమీ లేదు. అడగకపోవడమే మన ఓపీల్లో తరచు జరిగేది.

మరి ప్రభుత్వం ఏం చేయాలి? 2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మాతృ మరణాలుంటే ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఈ స్థాయికి తెచ్చింది కొత్త పరీక్షలు కావు. ఆస్పత్రి కాన్పులు, ఆశా కార్యకర్తలు, ప్రతి నెలా 9వ తేదీన గర్భిణుల పరీక్షలు, ఐరన్, కాల్షియం మాత్రలు. ఇక్కడి నుంచి ఇంకా దించాలంటే అందరికీ ఒకే పని చేయడం చాలదు, ముప్పున్నవాళ్లను వేరు చేయగలగాలి. ఆ మేరకు ఈ పరీక్షకు చోటుంది. అది పీహెచ్‌సీలో కాదు, గ్రామాల్లో అసలే కాదు. దానికి ఖరీదైన యంత్రం కావాలి, కిట్‌కు వేలల్లో ఖర్చవుతుంది. పీహెచ్‌సీలో ముందు కావాల్సింది సరిగ్గా పనిచేసే బీపీ మిషను, లావు చేతికి సరిపడే పెద్ద పట్టీ, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి ఓపిగ్గా చూసే మనిషి. క్యూలో నిలబడి ఆయాసంతో వచ్చిన ఆమెకు చకచకా చూసేసి, కార్డులో 120/80 అని రాసేసే అలవాటు పోనంతకాలం ఏ ప్రొటీన్ కొలిచినా ప్రయోజనం లేదు. ఎందుకంటే అనుమానం రావాల్సిందే ఆ బీపీ నుంచి. రక్తపరీక్షను జిల్లా ఆస్పత్రుల్లో, బోధనాస్పత్రుల్లో, కింది నుంచి రిఫర్ అయి వచ్చే గర్భిణుల కోసం ఉచితంగా పెట్టాలి. 37 వారాలు నిండినవాళ్లకు దీని అవసరం దాదాపు ఉండదు, జబ్బు తేలితే కాన్పు చేసేయడమే అప్పుడు సరైన దారి. అలా వడపోస్తే పరీక్ష చేయాల్సినవాళ్ల సంఖ్య, దానికయ్యే ఖర్చు భరించలేనంతగా ఉండవు. హద్దులుగా వాడుతున్న 38, 40 లాంటి అంకెలు ఎక్కువగా విదేశాల్లో తేలినవి కాబట్టి, గాంధీ, నిలోఫర్, కింగ్ జార్జ్ లాంటి పెద్ద ఆస్పత్రులు మన గర్భిణుల ఫలితాలను ఒక పద్ధతిగా నమోదు చేసి వాటిని సరిచూడటం కూడా అవసరం.

ఇక చదివేవాళ్లకు ఒక మాట. మీ ఇంట్లో గర్భిణికి ఏ ఇబ్బందీ లేకపోతే, ఐదు నెలలు దాటాక ఈ పరీక్షను ప్యాకేజీలో కలిపి అమ్మేవాళ్లకు డబ్బు కట్టకండి. బీపీ పెరిగి డాక్టరే రాస్తే తప్పక చేయించండి, ‘ఎక్కువ’ అని వస్తే ఆ అంకె ఒక్కటే చూసి కాన్పు తేదీ పెట్టవద్దని అడగండి. అయితే తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మసకలు లేదా మెరుపులు, డొక్క కింద కుడివైపు నొప్పి, ముఖానికీ చేతులకూ ఉన్నట్టుండి వాపు, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఏ రిపోర్టు కోసమూ ఆగవద్దు. నిన్నటి రక్తపరీక్ష బాగానే వచ్చినా సరే, వెంటనే ఆస్పత్రికి వెళ్లి బీపీ చూపించుకోవాలి. కాన్పయిన తర్వాత ఆరు వారాల దాకా కూడా ఇదే జాగ్రత్త. ఫిట్స్ బిడ్డ పుట్టాక కూడా రావచ్చు.